గిన్నెలమ్మ వాడని డబ్బా

ఎదురింటి కోడలు గుమ్మంలో నిలబడ్డ తీరు చూడగానే గిన్నెలమ్మకు అర్థమైంది, ఇది కబుర్లకొచ్చిన రాక కాదని. చేతిలో మూత తీసిన డబ్బా ఉంది. ముఖం మాడిపోయి ఉంది.

"పిన్నిగారూ, మీరు చెప్పారనే కొన్నాను," అంది.

"నేనా? ఏం చెప్పానమ్మా?"

"ఈ పొడి పాలల్లో కలిపి పడితే పిల్లలు ఏపుగా పెరుగుతారని చెప్పారుగా! మావాడికి అసలే తిండి సహించదు. ఇది పట్టడం మొదలెట్టాక ఆ తినే నాలుగు ముద్దలూ మానేశాడు. తాగడం, కక్కడం, ఇదే పని. మా అత్తగారేమో 'గిన్నెలమ్మ ఊరికే చెప్పదు, ఓపిక పట్టు' అంటారు. ఎంతకని పట్టను?"

గిన్నెలమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మాయ్, ఒట్టు. నేను దీని మొహం ఎరగను."

"అది మీ మొహం ఎరుగును పిన్నీ," అంటూ ఆ పిల్ల ఫోను తీసి చూపించింది.

ఫోనులో గిన్నెలమ్మే ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. చెంపల దగ్గర ఒక్క తెల్ల వెంట్రుక లేదు. వెనక ఎవరిదో తళతళలాడే వంటగది, పక్కన ఎవరి కొడుకో బుగ్గల పిల్లాడు. వాడికి గ్లాసు అందించి, తల కాస్త పక్కకు వాల్చి, "మా ఇంట్లో రోజూ ఇదే. నేను వాడి చెబుతున్నా," అంది. గొంతు తనదే. తల వాల్చడం తనదే. 'వాడి' అన్నాక ఒక్క రవ్వ ఆగడం కూడా తనదే. ఆ చీర మాత్రం తను ఎన్నడూ కట్టలేదు. ఆ వంటగదిలో ఎన్నడూ అడుగు పెట్టలేదు.

ముందు గదిలో కుట్టుమిషను విప్పుకుని కూర్చున్న భర్త మెడ చాచి చూశాడు. "ఏమేవ్, నాకు చెప్పకుండా ఎప్పుడు వెళ్లొచ్చావ్?" అని నవ్వబోయి, భార్య ముఖం చూసి ఆ నవ్వును సగంలోనే మింగేశాడు.

ఆమెకు ఈ పేరు రావడానికి కారణం ఆయన పనే. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పెళ్లయిన కొత్తలో ఒక స్టూడియోవాళ్లు ప్రకటన కోసం తెచ్చిన పాత మిషను తిరగడం లేదని పిలిచారు. మధ్యాహ్నం ఆమె క్యారేజీ పట్టుకుని వెళ్లింది. పక్క సెట్టులో గిన్నెలు తోమే సబ్బు ప్రకటన తీస్తున్నారు. అందులో వేషం కట్టిన అమ్మాయి పళ్లేన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు పట్టుకుంది. దర్శకుడు తల పట్టుకుని చుట్టూ చూస్తే క్యారేజీతో నిలబడ్డ మనిషి కనిపించింది. "అమ్మా, ఒక్కసారి మీరు తోమి చూపించండి," అన్నాడు. ఈమె కొంగు దోపి, పళ్లెం తోమి, కడిగి, వెలుగుకెత్తి, అందులో తన ముఖం చూసుకుని నవ్వింది. చూపించమంటే చూపించింది. కెమెరా తిరుగుతోందని తెలియదు. ఆ నవ్వు అన్ని ఊళ్ల గోడలకూ ఎక్కింది. అప్పటినుంచి అసలు పేరు ఇంటి గడప దాటలేదు. పాలవాడి నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ ఆమె గిన్నెలమ్మే.

ఆ పేరంటే ఆమెకు చిరాకు లేదు సరికదా, గర్వం. తన బొమ్మ ఉన్న గోడ ముందు నడక దానంతటదే నెమ్మదిస్తుంది. ఎవరైనా గుర్తుపడితే సరే, గుర్తుపట్టకపోతే ఒకసారి దగ్గుతుంది.

ఆమెకొక పట్టింపు ఉంది. రెండో ప్రకటన నేల తుడిచే మందుకు చేసింది. అది వచ్చిన వారమే పక్కింటావిడ, "నిజంగా నువ్వు అదే వాడతావా వదినా?" అని అడిగింది. ఇంట్లో ఆ సీసా లేదు. ఆ రోజు పడ్డ సిగ్గు ఆమెకు బాగా ఒంటబట్టింది. తర్వాత ఎవరు పిలిచినా ఒకటే మాట: "సరుకు ముందు ఇంటికి పంపండి. వాడి చూస్తాను. నచ్చితేనే వస్తాను." దర్శకులు గొణిగేవాళ్లు. ఒకసారి తలనూనె పడక నుదురంతా దద్దుర్లు లేచాయి. సెట్టు వేసి, లైట్లు పెట్టి, అంతా సిద్ధమయ్యాక వెళ్లి, నుదురు చూపించి, నమస్కారం పెట్టి వచ్చేసింది. ఆ కంపెనీ మళ్లీ పిలవలేదు. పేటలో మాత్రం ఆ నుదురు చాలా కాలం చెప్పుకున్నారు. కొట్టులో కొత్త సరుకు కనిపిస్తే ఆడవాళ్లు "గిన్నెలమ్మ వాడుతోందా?" అని అడిగేవారు. 'వాడి చెబుతున్నా' అన్న ముక్కను ప్రతి ప్రకటనలోనూ ఆమే పట్టుబట్టి పెట్టించుకునేది.

అలాంటి మనిషి పేరు మీద ఎదురింటి పసివాడు పాలు కక్కుకుంటున్నాడు.

గిన్నెలమ్మ ఆ పిల్ల చేతిలోంచి డబ్బా తీసుకుంది. "ఇది నా దగ్గరే ఉండనీ. వాడికి ఇంక పట్టకు. మీ అత్తగారితో నేను చెబుతా."

ఆ పొడి తను కూడా పాలల్లో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది. తిట్టాలన్నా వాడే తిట్టాలి కదా!

సంగతి ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియకపోలేదు. కొంతకాలం కిందట ప్రకటనలు తీసే ఏజెన్సీవాళ్లు పిలిచి ఒక గుండ్రని గదిలో కూర్చోబెట్టారు. చుట్టూ కెమెరాలు, మధ్యలో తిరిగే స్టూలు. నవ్వమన్నారు, దిగులుపడమన్నారు, ఆశ్చర్యపొమ్మన్నారు. అర్థంపర్థం లేని వాక్యాలు చదివించారు. "నవ్వు ఒకటి చాలమ్మా," అన్నాడు కెమెరా దగ్గరివాడు. "ఒకటెలా చాలుతుంది నాయనా?" అంది ఈమె. పనిమంతురాలినన్న గీర ఊరుకోనివ్వలేదు. బిడ్డ అన్నం తిన్నప్పటి నవ్వు వేరు, చుట్టాలు వెళ్లిపోయినప్పటి నవ్వు వేరు, మొగుడి మీద గెలిచినప్పటి నవ్వు వేరని వాళ్లు అడగనివన్నీ వరసగా ఇచ్చింది. తన ముక్కనూ అడగకుండానే నాలుగు రకాలుగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం మీద సంతకం పెట్టమంటే, పెద్ద వేషమేదో రాబోతోందని సంబరంగా పెట్టింది.

ఆ తర్వాత పిలుపులు ఆగిపోయాయి. వయసు మీద పడిందనుకుని సర్దుకుంది. ఇప్పుడు తెలిసింది. తను ఇంట్లో బట్టలు మడతపెట్టుకుంటుంటే, తన ముఖం రోజూ బయట కూలికి పోతోంది.

మర్నాడే ఏజెన్సీకి వెళ్లింది. ఒకప్పుడు ఆ ఆఫీసు గోడలనిండా చేత్తో గీసిన బొమ్మలు గుచ్చి ఉండేవి. దర్శకులు, రాసేవాళ్లు, పాడేవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటూ ఉండేవారు. ఇప్పుడు చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. బల్లల మీద తెరలు, తెరల మీద పైకీ కిందికీ పాకే గీతలు. గుండ్రని కళ్లజోడు పెట్టుకున్నతను ఎదురొచ్చి కుర్చీ వేశాడు. మర్యాదస్తుడే.

"మీ ముఖానికి చాలా మంచి నంబర్లు వస్తున్నాయమ్మా. పిల్లలున్న ఇళ్లలో మీరు కనిపిస్తే ఫోను మీద జరిపే వేలు ఆగుతోంది. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో మాకు తెలుస్తుంది. దాన్నిబట్టి ఏఐ మిమ్మల్ని మారుస్తుంది."

"మారుస్తుందంటే?"

అతను చూపించాడు. పడుచు తల్లులకు పడుచు గిన్నెలమ్మ. ఉద్యోగం చేసేవాళ్లకు సంచీ తగిలించుకున్న గిన్నెలమ్మ. మనవలున్నవాళ్లకు ఇంకో గిన్నెలమ్మ ఉంది, తల ముగ్గుబుట్ట, మెడ కింద ముడతలు. ఆమె దాని దగ్గర ఆగిపోయింది. తను ఇంకా కాని ముసలిది తనకంటే ముందే వచ్చి కూర్చుని, "వాడి చెబుతున్నా" అంటోంది.

"ఇది ఆపించండి బాబూ. నేనది వాడి చెప్పలేదు."

"మీరు నటి కదమ్మా. ఇన్నేళ్లూ వేరేవాళ్ల పిల్లల్ని పట్టుకుని 'నా కన్నా' అన్నారు. అదీ నిజం కాదుగా?"

"వాడు నా కొడుకనడం ఆట. అది ఆటని చూసేవాళ్లకూ తెలుసు. వాడానని చెప్పడం మాట. రెండూ ఒకటెలా అవుతాయి?"

కళ్లజోడాయన నొచ్చుకున్నట్టే ముఖం పెట్టి, సంతకం ఉన్న కాగితం ముందు పెట్టాడు. అందులో ముఖం, గొంతు, హావభావాలు అన్నీ వాళ్లు వాడుకోవచ్చని రాసి ఉంది. ఆమె లేచి వస్తూ, "సంతకం నాదే. దానికి లెంపలేసుకుంటా. ఆ డబ్బాకి మాత్రం వేసుకోను," అంది.

భర్త ఆ సాయంత్రం మిషనుకు నూనె పోస్తూ, "పోనీలేవే. ఎక్కడో ఏదో వాగుతోంది. ఇక్కడ నువ్వు కాదని నాకు తెలుసు," అన్నాడు.

"మీకు తెలిస్తే ఎవడిక్కావాలి? ఎదురింటావిడకు తెలియాలి. ఆవిడ చుట్టాలకు తెలియాలి."

"ఊరందరికీ ఎలా చెబుతావ్? టముకు కొడతావా?"

"కొడతా."

టముకు అంటే ఈ రోజుల్లో మేనకోడలే. భర్త చెల్లెలి కూతురు. ఫోనులో పెదవి రంగులూ బ్యాగులూ చూపించి, మంచీచెడూ చెప్పి, దాని మీదే బతుకుతోంది. ఆ పిల్లను చూడటానికి రోజూ వచ్చే జనం ఒక చిన్న ఊరంత ఉంటారు. ఆ పిల్ల వెలుగునిచ్చే చక్రం ఒకటి పట్టుకొచ్చి, వంటింట్లో అత్తను నిలబెట్టింది.

"రంగు వేయనా అత్తా?"

"అక్కర్లేదు. నేను నేనుగానే ఉంటా."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ప్రకటనలో తల్లి తను కాదని, ఆ పొడి తను చెప్పింది కాదని. మేనకోడలు దాన్ని జనం మీదికి వదిలింది. కాసేపటికి ఫోను టపటపలాడింది. ఆ పిల్ల చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది.

"గట్టిగా చదవవే. తిట్లా?"

"తిట్లయితే బాగుండేది. 'ఇది ఏఐతో చేసిన దొంగ వీడియో. అసలు గిన్నెలమ్మ ఇంత ముసలిది కాదు' అంటున్నారు. 'చేతులు చూడండి, ఏఐకి చేతులు సరిగ్గా రావు, అవే పట్టిస్తాయి' అని ఒకడు."

గిన్నెలమ్మ తన చేతులు చూసుకుంది. భర్త పొలమారేంతగా నవ్వాడు. "నీ సవతి గెలిచిందే!" అన్నాడు. ఆమె ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు లాక్కుంది. పొడవడానికి కాదు, గూట్లో పెట్టడానికి. "లేవండి. ఆ మడత కుర్చీ అటక మీంచి దింపండి," అంది.

పేట మొగలో పెద్ద సూపర్‌మార్కెట్టు ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మనిషెత్తు తెర, పక్కన గోపురంలా పేర్చిన ఆ డబ్బాలు. తెరలో ఆకుపచ్చ చీర గిన్నెలమ్మ రోజంతా గ్లాసు అందిస్తూనే ఉంటుంది. అసలు గిన్నెలమ్మ వెళ్లి ఆ తెర పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

తెర అంది: "మా ఇంట్లో రోజూ ఇదే. నేను వాడి చెబుతున్నా."

"ఎదురింటి పిల్లాడికి పడక నా దగ్గరికొచ్చింది. తర్వాత నేనూ తాగుతున్నా," అంది గిన్నెలమ్మ. "సుద్దలా ఉంటుంది. కడుపులో బరువు తప్ప ఒరిగిందేం లేదు. వాడి చెబుతున్నది నేను."

లోపలికొస్తున్న ఒకావిడ ఆగి, తెరనూ మనిషినీ మార్చి మార్చి చూసింది. "అయ్యో, మీరు గిన్నెలమ్మ కదూ! కాస్త చిక్కారు," అంది.

"చిక్కలేదమ్మా, అది ఉబ్బింది."

మేనేజరు పరుగున వచ్చాడు. "అమ్మా, ఇక్కడ కూర్చోకూడదు."

"దాన్ని నిలబెట్టారుగా?"

"అది ప్రకటనమ్మా."

"నేను దానికి జవాబుని."

అతను కొత్తగా వచ్చినవాడు, మెత్తనివాడు. చిన్నప్పుడు ఆ సబ్బు బొమ్మ చూస్తూ పెరిగినవాడు కూడానేమో, చెయ్యి పట్టి లేపలేకపోయాడు. తెర గొంతు పెంచాడు. ఈమె కూడా పెంచింది. రోజూ పొద్దున ఇంటిపని ముగించుకుని రావడం, తెర ఒకటంటే తను ఒకటనడం. జనం గుమిగూడారు, ఫోన్లు లేచాయి. ఇంట్లో తీసిన వీడియోను నమ్మనివాళ్లు ఈ తగువును మాత్రం పడీపడీ చూశారు. మేనకోడలు గాల్లో తేలుతూ వచ్చింది. "అత్తా, ఎక్కడ చూసినా నువ్వే! నువ్వూ ఆవిడా!"

ఆ ఉత్సాహంలోనే కళ్లజోడాయన కూడా వచ్చాడు. చేతిలో పూలగుత్తి.

"మీరు మహానుభావులమ్మా," అన్నాడు. "మేమెంత చేసినా రాని కదలిక మీరు తెచ్చారు. ఇది చూడండి." అతని ఫోను మీది గీత కొండెక్కినట్టు ఎక్కుతోంది. "మీరు తిట్టిన ప్రతిచోటా డబ్బా అమ్ముడుపోతోంది. అంత గొడవ ఎందుకో చూద్దామని కొంటున్నారు. కంపెనీవాళ్లు మీతో కొత్త ఒప్పందం చేసుకుంటామంటున్నారు. మీరు ఇలాగే తిడుతూ ఉండాలి. ఊరూరా తిప్పుతాం. మంచి సెట్టు, లైట్లు, మేకప్పు, మీకోసం కారు. అసలు గిన్నెలమ్మకీ ఏఐ గిన్నెలమ్మకీ పోటీ!"

ఇన్నాళ్లూ నోరు నొప్పి పుట్టేలా అరిచింది వాళ్ల గోపురానికి డబ్బాలు పేర్చడానికా? అయినా, లైట్లు అన్న మాట చెవిన పడగానే లోపల ఏదో లేచి కూర్చున్న మాట నిజం. ముఖానికి వెలుగు తగిలి ఎన్నాళ్లైంది! తల ఒకవైపుకు వాలిపోయింది కూడా. ఎదురుగా ఒకాయన అప్పుడే డబ్బా ఒకటి తీసి బుట్టలో వేసుకున్నాడు. ఆమెను చూసి, పాతనేస్తంలా చేయి ఊపాడు.

గిన్నెలమ్మ తల నిటారుగా నిలబెట్టింది.

"నేను తిడితే జనం కొంటున్నారంటావ్."

"అవునమ్మా."

"అందులో నా మాట విని మానేసినవాళ్లు ఎంతమందో నీ గీత చెబుతుందా?"

"మానేసినవాళ్లు మాకు కనబడరమ్మా. ఆగి చూసినవాళ్లే కనబడతారు."

"అలాగా?" అంది గిన్నెలమ్మ. పూలగుత్తి అందుకుని, తెర కాళ్ల దగ్గర పెట్టింది. "ఇవి దానికివ్వు నాయనా. పాపం, పగలంతా నిలబడే ఉంటోంది."

ఆ రోజునుంచి ఆమె పద్ధతి మార్చింది. ఎవరైనా ఫోను ఎత్తారా, కొంగు నెత్తిన కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. మాటా పలుకూ ఉండదు. ఫోను దించి మామూలు మనిషిలా దగ్గరికొస్తే, ఇటు తిరిగి, పక్కింటావిడతో చెప్పినట్టు నెమ్మదిగా చెబుతుంది. "మీ పిల్లాడికెన్నేళ్లు? తిండెలా తింటాడు?" అని తనే ముందు అడుగుతుంది. వీడియోలు తీసుకెళ్లినవాళ్లకు ఒక వీపు, ఒక గోడ మిగిలాయి.

మేనకోడలు మొత్తుకుంది. "అత్తా, నీ నంబర్లు పడిపోతున్నాయి!"

"పడనీవే. నంబర్లకు దెబ్బ తగలదు."

"నువ్వు కనబడకపోతే నిన్ను మర్చిపోతారత్తా."

"ఎవరు? ఎదురింటి కోడలా?" అంది. ఆ పిల్ల గునుస్తూనే పక్కన స్టూలు మీద కూలబడింది. ఆ రోజు ఫోను సంచీలోంచి తీయలేదు. అలిగి తీయలేదో, నిజంగానే తీయాలనిపించలేదో తనకే తెలియదు.

గొడవ లేని చోట గుంపు నిలవలేదు. తమాషాకు వచ్చేవాళ్లు తగ్గారు. పిల్లలున్నవాళ్లు మాత్రం వచ్చారు. వచ్చినవాళ్లు ఇంటికెళ్లి తోడికోడళ్లకు, ఆడపడుచులకు చెప్పారు. గోపురం మీద దుమ్ము చేరింది. కళ్లజోడాయన గీతకు ఏమైందో గిన్నెలమ్మ అడగలేదు.

ఒక ఉదయం ఆమె వెళ్లేసరికి తెరలో ఆకుపచ్చ చీర లేదు. కొత్త ముఖం ఉంది. నిండైన బుగ్గలు, చల్లని చూపు. ఎక్కడో చూసినట్టే ఉంది, ఎక్కడా చూసినట్టు లేదు. మేనేజరు ఎదురొచ్చి చేతులు జోడించాడు. అతని ముఖంలో గండం గడిచిన సంతోషం.

"గెలిచారమ్మా! మీ ముఖం పూర్తిగా తీసేశారు. అన్ని ఊళ్లలోనూ తీసేశారట. ఇంక ఇంటికెళ్లి సుఖంగా ఉండండి."

వెనకే కుర్చీ మోసుకొచ్చిన భర్త, "హమ్మయ్య," అని దానితో వెనక్కి తిరగబోయాడు.

"ఉండండి," అంది ఆమె. తెర అంటోంది: "నా పిల్లలకు నేను రోజూ ఇదే ఇస్తాను."

"ఈవిడెవరు బాబూ?"

"ఎవరూ కాదమ్మా. ఈసారి ఎవరి ముఖమూ తీసుకోలేదట. వేల ముఖాలు కలిపి కంప్యూటరే తయారుచేసిందట. అంటే ఇంక ఎవరూ వచ్చి నాది అనలేరన్నమాట," అన్నాడు మేనేజరు, మంచి కబురు చెబుతున్నట్టు.

భర్త నెమ్మదిగా అన్నాడు, "నీది కానప్పుడు నీకెందుకే? నీ మాట నీకొచ్చింది. పద."

ఆమె కదల్లేదు. నిజానికి కాళ్లు పీకుతున్నాయి. ఇంట్లో పని పేరుకుపోయింది. తన ముఖం తనకు దక్కింది, అడిగింది కూడా అదే. కానీ అవతల ఒక పడుచుపిల్ల, చంకలో బిడ్డతో, తెర ముందు ఆగి డబ్బా మీదికి చెయ్యి చాస్తోంది. తెర ఆ పిల్లను చూసి నవ్వుతోంది.

"తెరలో నేనున్నప్పుడు మా పేటవాళ్లు వచ్చి నన్ను నిలదీశారు," అంది గిన్నెలమ్మ మేనేజరుతో. "నిలదీయడానికి నేనున్నాను. ఈ బిడ్డకు పడకపోతే ఈ తల్లి ఎవరి గుమ్మంలోకి వెళ్లాలి?"

చెయ్యి చాచిన పిల్ల ఆ మాట విని ఇటు తిరిగింది.

"ఏమండీ," అంది మేనేజరుతో, డబ్బా చేతిలో పట్టుకుని. "రోజూ ఇస్తానంటోంది కదా, ఆవిడకు పిల్లలెంతమంది?"

"ఆవిడకు పిల్లల్లేరమ్మా... అంటే, ఆవిడే లేదు."

"లేని మనిషి ఎవరికి ఇస్తోందండీ మరి?"

వెనక బుట్టలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా మేనేజరు ముఖంలోకి చూస్తున్నారు. ఒక ముసలాయన, "చెప్పవయ్యా, మాకూ కావాలి," అన్నాడు. మేనేజరు ఫోను తీసి పైవాళ్లకు కలిపి, చెమట తుడుచుకుంటూ పక్కకు నడిచాడు.

భర్త నిట్టూర్చి, మడిచిన కుర్చీని మళ్లీ విప్పాడు. గిన్నెలమ్మ కూర్చోలేదు. చంకలో బిడ్డ ఉన్న పిల్లను భుజం పట్టి అందులో కూర్చోబెట్టి, బిడ్డను తన చేతుల్లోకి తీసుకుంది.

"అలసిపోయావు, కూర్చో. ఎవరి గుమ్మంలోకి వెళ్లాలో ఆ మేనేజరు వచ్చి చెప్పేదాకా మనం ఇక్కడే ఉందాం," అంది.